సైడరు కాచిన సోమవారం

ఒకేలా కనిపించే రెండు గ్లాసులు తయారు చేయడంలో నాకు మంచి నేర్పు ఉండేది. ఒకటి నాకు, ఒకటి మా ఆవిడకు. రంగు ఒకటే, పైన తేలే నిమ్మచెక్క ఒకటే, అంచుకు అద్దిన పంచదార ఒకటే. నా దాంట్లో మందు ఉండేది, ఆమె దాంట్లో ఉండేది కాదు. బల్లకు అటూ ఇటూ పెడితే ఏది ఎవరిదో చూసినవాళ్ళు చెప్పలేకపోయేవారు. ఆ పోలిక కుదిర్చినందుకు నన్ను నేను మంచి భర్తననుకునేవాణ్ణి.

డెబ్బైల చివర్లో మేము డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో నేను ఇంజనీరుని. మా ఆవిడ ఒక బ్యాంకులో సగం రోజు పని చేసేది. ఆమె మాంసం ముట్టదు. ఆ రోజుల్లో అక్కడ మంచి హోటల్‌కు తీసుకువెళితే ఆమెకు దొరికేది పచ్చి ఆకులూ, కాల్చిన బంగాళాదుంపా. రెండుసార్లు వెళ్ళాక, "ఈ దుంపేదో ఇంట్లోనే కాల్చుకుందాం, ఉప్పయినా సరిగ్గా వేసుకోవచ్చు" అంది.

ఆఫీసులో నా పక్క సీటు అమెరికన్ ఒకాయన, తనూ భార్యా ఋతువు మారినప్పుడల్లా ఇంట్లోనే లైట్లు తగ్గించి, కొవ్వొత్తి వెలిగించి, ఆ కాలంలో దొరికే పండుతో ఒక కాక్‌టెయిల్ కలుపుకుని, ఇద్దరే కూర్చుని భోంచేస్తారని చెప్పాడు. నాకు ఆ మాట బాగా పట్టింది. ఆ వారమే పొడవు మెడ గ్లాసులు రెండూ, మూత బిగించి ఊపే స్టీలు పాత్ర ఒకటీ, చక్రాలున్న చిన్న బల్ల ఒకటీ కొన్నాను.

వసంతంలో రూబార్బ్ వచ్చేది. ఎర్రటి కాడలు, చుక్కకూర కంటే పులుపు. మా ఆవిడ వాటిని పప్పులో వేసేది. మామిడికాయ దొరకని చోట మాకు అదే మామిడికాయ. నేను వాటిని పంచదారతో ఉడికించి, వడకట్టి, ఆ గులాబీ రంగు పాకంలో జిన్ కలిపేవాణ్ణి. వేసవిలో డబ్బా మామిడి గుజ్జు, నిమ్మరసం, నలగ్గొట్టిన ఐసు, వోడ్కా. చలికాలంలో యాలకులూ కుంకుమపువ్వూ వేసి కాచిన పాలల్లో బ్రాందీ. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ ముందు క్రాన్‌బెర్రీలనే పుల్లటి ఎర్ర పళ్ళు వస్తే ఆమె సగం పచ్చడికి తీసుకుని సగం నాకు వదిలేది. ఒకే సంచీలోంచి సగం ఆమె పోపులోకి, సగం నా గ్లాసులోకి వెళ్ళేవి.

ఈ భోజనాలకు నేను వంట చేస్తానని అందరితో చెప్పుకునేవాణ్ణి. అది నిజం కాదు. నేను డ్రింకులు కలిపేవాణ్ణి, కొవ్వొత్తి వెలిగించేవాణ్ణి, రికార్డ్ ప్లేయర్ మీద ఏదో ఒకటి పెట్టేవాణ్ణి. కూరలు తరిగిందీ, వండిందీ, మర్నాడు పొద్దున సింకులో జిగటపట్టిన గిన్నెలు తోమిందీ ఆమే. ఒక డ్రింక్ కోసం నేను ఎన్ని గిన్నెలు మురికి చేసేవాణ్ణో లెక్కలేదు.

పైగా ఇద్దరి కోసం అని మొదలుపెట్టింది ఇద్దరితో ఆగేది కాదు. మన ఇళ్ళల్లో భోజనం వేళకు వచ్చినవాళ్ళను కూర్చోబెట్టకుండా పంపడం ఎవరికీ చేతకాదు. నేను మరో అడుగు ముందుకువేసి ఫోన్ చేసి మరీ పిలిచేవాణ్ణి. ఒకసారి వేసవి భోజనానికి కొవ్వొత్తి వెలిగించాక, దగ్గర్లో ఉండే స్నేహితుడు భార్యతో సహా వచ్చాడు.

"గురూ, ఈసారి ఏం కలిపావ్?" అంటూనే చక్రాల బల్ల దగ్గర చేరాడు. "చెల్లెమ్మా, నీ అదృష్టం చూసి మా ఆవిడ నన్ను రోజూ సతాయిస్తోంది. మీ ఆయన కాండిల్‌లైట్ డిన్నర్లు చేస్తాడట, నేనేమో టీవీ చూస్తానట!"

"దానికేముంది అన్నయ్యగారూ," అంది మా ఆవిడ, మరో రెండు కంచాలు తీస్తూ. "రేపు పొద్దున ఆయన్ని మీ ఇంటికి డిన్నర్ చెయ్యడానికి పంపిస్తాను. మీరు మా ఇంటికి గిన్నెలు తోమడానికి వచ్చెయ్యండి."

అందరం నవ్వాం. నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

ఇంకో సంగతి ఉంది. ఇంతకంటే చెప్పుకోవడానికి కష్టమైనది. ఆ భోజనాల దగ్గర ఎవరూ రాని రోజున మా ఆవిడ మాట్లాడేది. మామూలు రోజుల్లో మా మాటలన్నీ పాలు తెచ్చారా, కారుకు ఆయిల్ మార్పించారా, అంతే. కొవ్వొత్తి ముందు కూర్చుంటే మాత్రం మనసులో ఉన్నవి చెప్పేది. నేను తల ఊపుతూ వినేవాణ్ణి, అవునంటూ, కాదంటూ. మర్నాటికి అందులో ఒక్క ముక్క నా దగ్గర మిగిలేది కాదు. "రాత్రి చెప్పాను కదండీ" అనే మాట మా ఇంట్లో తరచుగా వినబడేది. మొదట్లో రెండోసారి చెప్పేది. తర్వాత తర్వాత, "పోన్లెండి" అనేది.

ఎనభై దాటాక మా కంపెనీలో మనుషుల్ని తీసేయడం మొదలైంది. నా తాగుడు పెరిగింది. రెండూ ఒకే కాలంలో జరిగాయి కాబట్టి ఒకటి రెండోదానికి కారణమని చెప్పుకోవడం సులువు. కానీ ఉద్యోగం పోయిన మా స్నేహితుడు నా కంటే తక్కువ తాగేవాడు. నా ఉద్యోగం పోలేదు.

ఆ మరుసటి వసంతంలో మా ఆవిడకు నాలుగో నెల గర్భం పోయింది. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చాను.   ఫ్రిజ్‌లో అంతకు ముందు కొన్న రూబార్బ్ కాడలు వాడిపోతున్నాయి. అవి పాడవుతాయని ఆ శనివారం నేను పాకం కాచాను. కాచి, రెండు గ్లాసులూ ఎప్పటిలాగే అంచుకు పంచదార అద్ది బల్ల మీద పెట్టాను. ఆమె సోఫాలో దుప్పటి కప్పుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంది. తన గ్లాసు ముట్టలేదు. కాసేపయ్యాక రెండూ నేనే తాగాను.

ఆ ఏడు కార్తీకమాసంలో ఆమె సోమవారాలు ఉపవాసం ఉంటానంది. పగలంతా ఏమీ తినకుండా ఉండి, సాయంత్రం తలస్నానం చేసి, దీపం పెట్టి, చుక్క కనబడ్డాక భోంచేయాలి. ఆ భోజనంలో ఉల్లీ వెల్లుల్లీ ఉండకూడదు. వాళ్ళమ్మ చేసేది కానీ ఆమె ఎప్పుడూ చేయలేదు. మాకు తెలిసిన ఒక డాక్టరుగారి భార్యను అడిగి పద్ధతులన్నీ తెలుసుకుంది. ఆవిడ మా కంటే బాగా పెద్దది, మా ఆవిడ ఆవిణ్ణి అక్కయ్యగారూ అనేది.

"నాలుగు సోమవారాలూ ఉంటానండీ," అంది నాతో. "మళ్ళీ కడుపు పండాలని. పండితే ఈసారి నిలవాలని."

ఆ మాట పొద్దున కాఫీ తాగుతూ చెప్పింది. అందుకే గుర్తుంది.

మొదటి మూడు సోమవారాలు నాకు ఫ్యాక్టరీలో ఆలస్యమయ్యేది. నేను ఇల్లు చేరేసరికి ఆమె చుక్కను చూసి, తిని, నా కంచం మీద మూత పెట్టి ఉంచేది. కాబట్టి ఆ ఉపవాసాలు నాకు కనబడలేదు. మూడో సోమవారం దాటాక ఫ్యాక్టరీలో పని తగ్గి, మమ్మల్ని సోమవారాలు మధ్యాహ్నానికే ఇళ్ళకు పంపించేయడం మొదలుపెట్టారు.

నాలుగో సోమవారానికి ముందురోజు, ఆదివారం, మేము సైడరు మిల్లుకు వెళ్ళాం. మిషిగన్‌లో ఆకులు రాలే కాలంలో అందరూ వెళతారు. పాత చెక్క షెడ్డులో యాపిల్ పళ్ళను నలిపి, గుడ్డల మధ్య పెట్టి మర తిప్పుతుంటే, సైడరనే గోధుమరంగు రసం కిందికి కారుతూ ఉంటుంది. చుట్టూ కందిరీగలు. వేడివేడి డోనట్లు కాగితం సంచీల్లో పెట్టి ఇస్తారు. ఆ రోజు ఆమె డోనట్ తిని, వేళ్ళకంటిన పంచదార నాక్కుని, నన్ను చూసి నవ్వింది. వసంతం తర్వాత అలా నవ్వడం నాకు తెలిసి అదే మొదలు. అప్పుడే అనుకున్నాను, రేపు మధ్యాహ్నం నుంచి ఖాళీగా ఉంటాను కదా, ఈ శరదృతువు భోజనం రేపే చేద్దాం, ఈసారి వంట కూడా పూర్తిగా నేనే చేద్దాం అని.

ఆ సాయంత్రం, మిల్లులో కొని తెచ్చిన సైడరుని రుచి చూడాలనే వంకతో కాచాను. దాల్చినచెక్క, లవంగాలు, నారింజ తొక్క, నాకు రమ్ము. వంటింటి బల్ల దగ్గర ఆమె బంగాళాదుంపలు చెక్కు తీస్తూ ఏదో చెబుతోంది. చాకు కదలడం గుర్తుంది. దుంప తొక్క తెగకుండా పొడుగ్గా కిందికి వేలాడటం గుర్తుంది. ఆమె పెదవులు కదలడం కూడా గుర్తుంది. నేను తల ఊపాను. "సరే" అని కూడా అన్నాను. దేనికి సరే అన్నానో ఏడాది పాటు నాకు తెలియలేదు.

మర్నాడు ఆమె మధ్యాహ్నం పూట పనికి బ్యాంకుకు వెళ్ళింది. నేను మధ్యాహ్నం ఇంటికి వచ్చి, కోటు విప్పి, జీవితంలో మొదటిసారి ఒంటరిగా వంట మొదలుపెట్టాను. టమాటాలు, ఉల్లిపాయలు ఉడికించి మాకరోనీలో కలిపి, పైన చీజ్ వేసి అవెన్‌లో పెట్టాను. గుమ్మడికాయ చెక్కలు వెన్న రాసి కాల్చాను. పొడుగాటి బ్రెడ్‌ను చీల్చి, దంచిన వెల్లుల్లి దిట్టంగా పట్టించాను. సైడరు పొయ్యి మీద సన్నటి సెగన పెట్టాను. బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచాను. నాకు నేను ఇచ్చుకున్న మాట నిలబెట్టుకోవడానికి గిన్నెలు కూడా కడిగాను. మధ్యలో రెండు గ్లాసులు తాగాను. అంత కష్టపడుతున్నవాడికి ఆ మాత్రం ఉండాలనిపించింది.

అయిదు దాటాక ఆమె వచ్చింది. తలుపు తీస్తూనే గుమ్మంలో ఆగిపోయింది.

"ఏమిటండీ ఈ వాసన?"

"సర్‌ప్రైజ్! ఇవాళ వంటంతా నాది. నువ్వు ఒక్క గిన్నె ముట్టుకోనక్కర్లేదు."

ఆమె బూట్లు విప్పలేదు. వంటింటి వైపు చూస్తూ, "వెల్లుల్లి వేశారా?" అంది.

"గార్లిక్ బ్రెడ్‌లో గార్లిక్ వెయ్యకుండా ఎలా?"

"ఉల్లిపాయ?"

"సాస్‌లో ఉంది. ఏం?"

"ఏమండీ," అంది, చాలా మెల్లగా. "ఇవాళ సోమవారం."

అప్పుడు గుర్తొచ్చింది. పొద్దుటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోని మనిషి, ఇల్లంతా కమ్మేసిన వెల్లుల్లి వాసనలో నిలబడి ఉంది. కోపపడుతుందనుకున్నాను. పడి ఉంటే బాగుండేది. ఆమె బల్ల మీద గుడ్డను చూసింది, కొవ్వొత్తిని చూసింది, కడిగి బోర్లించిన గిన్నెల్ని చూసింది.

"గిన్నెలు కూడా కడిగారా?" అంది. "పోన్లెండి. మీరు చేసింది మీరు తినండి. నేను స్నానం చేసి ఇంత అన్నం పడేసుకుంటాను. నిన్నటి దుంపలు, పెరుగు ఉన్నాయి. ఇద్దరం కలిసే కూర్చుందాం. చుక్క కనబడనివ్వండి చాలు. ఇదొక్కటీ అయితే నాలుగూ అయినట్టే."

స్నానం చేసి, అన్నం పొయ్యి మీద పెట్టి, దీపం వెలిగించి, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని కోటు తొడుక్కుని ఇంటి వెనక చెక్క అరుగు లాంటి డెక్ మీదికి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. ఆకాశమంతా మబ్బు. నవంబరులో మిషిగన్ ఆకాశం తరచుగా అలాగే ఉంటుంది, తడిసిన బూడిదలా. ఒక్క చుక్క లేదు.

"ఉంటాయండీ," అంది. "మబ్బు కదులుతోంది కదా, ఎక్కడో చోట తెరిపి ఇస్తుంది."

నేను కాసేపు నిలబడి లోపలికి వెళ్ళాను. అవెన్ తెరిచి మాకరోనీ చూశాను. సైడరు పోసుకున్నాను. మళ్ళీ బయటికి వచ్చాను. ఆమె తల ఎత్తి అలాగే నిలబడి ఉంది. "తడితల, జలుబు చేస్తుంది, లోపలికి రా" అన్నాను. "మీరు ఇక్కడే ఉండకూడదూ?" అంది. ఉంటానన్నాను. కాసేపు ఉన్నాను. మళ్ళీ లోపలికి వెళ్ళాను. అలా ఎన్నిసార్లు తిరిగానో, వెళ్ళినప్పుడల్లా గ్లాసు నిండేది. చీజ్ అంచులు మాడడం మొదలయ్యాయి. నేను చేసిన వంట పాడైపోతోందనే బాధ నా లోపల పెద్దదవుతూ వచ్చింది. ఆమె ఆకలి నాకు గుర్తు రాలేదు.

ఆరున్నర దాటింది. నేను డెక్ మీదికి వచ్చేసరికి దక్షిణం వైపు, పక్కింటి పొగగొట్టం పైన, మబ్బు కింద ఒక తెల్లటి వెలుగు కనిపించింది. అదేమిటో నాకు తెలుసు. విమానాశ్రయం అటే. మన వైపు తిరిగి వస్తున్న విమానం దీపం కాసేపటి దాకా కదలకుండా ఒకే చోట ఉన్నట్టు కనిపిస్తుంది. వేసవి సాయంత్రాల్లో ఆ డెక్ మీద గ్లాసు పట్టుకుని కూర్చుని అలాంటివి ఎన్నో చూశాను.

"అదిగో" అన్నాను.

"ఎక్కడ?"

"ఆ పొగగొట్టం పైన. మబ్బు చీలింది, చూడు."

"అంత పెద్దదా?"

"శుక్రుడేమో."

ఆమె నా ముఖం వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేవాణ్ణేమో. వెంటనే చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. ఆమె కళ్ళు మూసుకున్నంతసేపూ ఆ దీపం కదలకూడదని నేను కోరుకున్నాను. ఆ సాయంత్రం నేను చేసిన ప్రార్థన అదొక్కటే.

లోపలికి వచ్చాం. కొవ్వొత్తి వెలిగించాను. ఆమె సైడరు గ్లాసులో పోసి అంచున నారింజ తొక్క పెట్టాను. ఆమె అన్నం, ఉడికించిన దుంపలు, పెరుగు పెట్టుకుని కూర్చుంది. నేను ఎదురుగా నా మాకరోనీతో కూర్చున్నాను. నా వెనక డెక్‌కు తెరుచుకునే గాజు తలుపు. తెర వేయాలన్న ఆలోచన నాకు రాలేదు. ఆమె మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆమె చూపు నా భుజం మీదుగా బయటికి వెళ్ళి అక్కడే ఆగింది.

నేను వెనక్కి తిరిగాను. ఆ వెలుగు కిందికి దిగింది. పక్కకు వంగింది. ఒక చివర ఎర్రగా, ఒక చివర ఆకుపచ్చగా దీపాలు బయటపడ్డాయి. కాసేపటికి చప్పుడు కూడా వినిపించింది.

ముద్ద ఆమె నోట్లోనే ఉంది. చెయ్యి కంచంలో ఆగిపోయింది. తర్వాత మింగింది. ఆమె మింగడం నేను చూశాను.

"మీ మాకరోనీ చల్లారిపోతోంది. తినండి" అంది.

కంచంలో ఉన్నదంతా తిన్నది. ఒక్క మెతుకు వదల్లేదు. సైడరు చివరి దాకా తాగి, బాగుందంది.  ఆమె గమనించలేదేమో అనుకున్నాను. అలా అనుకోవడానికి వీల్లేదని తెలిసీ అనుకున్నాను. మర్నాటికి మామూలుగా నేను అన్నీ మరచిపోయేవాణ్ణి. ఈ ఒక్కటి మరవలేదు.

ఏడాది గడిచింది. ఋతువుల భోజనాలు రెండు చేశాననుకుంటాను, చలికాలంలో ఒకటి, వేసవిలో ఒకటి. ఆమె కూర్చునేది, తినేది. మాట్లాడేది కాదు. మళ్ళీ కార్తీకం వచ్చింది.

"సోమవారాలు నన్ను అక్కయ్యగారింట్లో దింపండి," అంది. "అక్కడే చుక్కను చూసి తినేసి వస్తాను."

"ఇక్కడే చేసుకోవచ్చు కదా. నేనుంటాను."

"అందుకేనండీ," అంది. గొంతులో ఎత్తిపొడుపు లేదు. అలసట ఉంది.

మొదటి సోమవారం తీసుకువెళ్ళాను. డాక్టరుగారి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది.

"రావయ్యా, నువ్వూ కూర్చో. ఏం, మీ ఇంటి మీద చుక్కలు రావడం మానేశాయా?" అని నవ్వింది. "పోయినేడు మబ్బులతో నానా హైరానా పడ్డారేమో! అయినా నేను చెప్పానుగా మీ ఆవిడకి. చుక్క కనబడకపోతే ఏడింటిదాకా చూసి, దీపానికి దణ్ణం పెట్టుకుని తినెయ్యమ్మా అని. ఇక్కడి మబ్బుల సంగతి శివుడికి తెలీదా?"

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె వంగి బూటు తాడు విప్పుకుంటోంది.

తిరిగి తీసుకువచ్చేటప్పుడు కార్‌లో అడిగాను. "ఏడు దాకా చూస్తే చాలని నాకెప్పుడూ చెప్పలేదే?"

"చెప్పాను. ఆదివారం, దుంపలు చెక్కు తీస్తూ."

"నాకు..."

"మీరు సరేనన్నారు. రేపు మీరు ఇంట్లో ఉంటారు కదా, నాతో పాటు నిలబడండి, ఇద్దరం కలిసి చూద్దాం అన్నాను. దానికీ సరేనన్నారు."

అరగంట. ఇంకో అరగంట ఊరుకుని ఉంటే ఆమె ఉపవాసం నిండుగా పూర్తయ్యేది. నేను అబద్ధమాడాల్సిన అవసరమే లేదు.

"ఆ రోజు అది..." అని మొదలుపెట్టాను.

"ఎర్ర లైట్ పడింది, చూసుకోండి" అంది.

బ్రేక్ వేశాను. 

ఆ తర్వాత మాకు పిల్లలు కలగలేదు. దానికీ ఆ సాయంత్రానికీ సంబంధం లేదని నాకు తెలుసు. డాక్టర్లు చెప్పిన కారణాలు వేరే ఉన్నాయి. ఆమె కూడా నన్ను ఎప్పుడూ అలా అనలేదు. కానీ ఒక మనిషి తన ఆశనంతా నాలుగు సాయంత్రాల మీద పెట్టుకుని, నాలుగోదానికి నన్ను తోడు అడిగింది. తోడు నిలబడడం అంటే తల ఎత్తి ఊరికే నిలబడడం. అంతకంటే తేలికైన పని నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

తాగుడు ఒక్కరోజులో మానలేదు. మానానని రెండుసార్లు ఆమెతో చెప్పి రెండుసార్లూ మళ్ళీ మొదలుపెట్టాను. మూడోసారి చెప్పకుండా మానాను. చక్రాల బల్లను గరాజ్ సేల్‌లో ఎవరో కొనుక్కుపోయారు. స్టీలు పాత్రలో ఆమె కొన్నాళ్ళు మజ్జిగ చిలికింది, తర్వాత మూత పోయింది. పొడవు మెడ గ్లాసుల్లో ఒకటి పగిలింది. నేను వంట నేర్చుకున్నాను. ఆమె పక్కన నిలబడి, "ఇంగువ తరవాత, ముందు మిరపకాయ" అని చెబుతుంటే. ఉల్లీ వెల్లుల్లీ లేకుండా గుమ్మడికాయ పులుసు ఇప్పుడు నాకు బాగానే కుదురుతుంది. ఋతువుల భోజనాలు వాటంతటవే ఆగిపోయాయి. ఎవరమూ వాటి సంగతి ఎత్తలేదు.

ఎనభైల చివరికి వచ్చేసరికి డాక్టరుగారి కుటుంబం ఆరిజోనాకు, చాండ్లర్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. మా ఆవిడ సోమవారాలు మళ్ళీ మా ఇంటికే వచ్చాయి. ఇక పిల్లల కోసం కాదు. ఎందుకని నేను అడగలేదు, అలవాటయిందని తనే ఒకసారి అంది. సాయంత్రం దీపం పెట్టి, డెక్ మీదికి వెళ్ళి, వెనక గాజు తలుపు మూసుకునేది. నేను లోపల కంచాలు పెట్టి నిలబడేవాణ్ణి. ఆమె తల ఎత్తి చూస్తూ ఉండడం గాజులోంచి కనిపించేది. తలుపు తీసుకుని బయటికి వెళ్ళే హక్కు నాకు ఉందనిపించలేదు.

రెండేళ్ళు అలాగే గడిచాయి. మరుసటి కార్తీకంలో ఆమె బ్యాంకు మెట్ల మీద తడి ఆకులకు జారి చీలమండ బెణికించుకుంది. ఆ సోమవారం డెక్ మీద పల్చగా మంచు కూడా పేరుకుంది. స్నానం చేసి, దీపం పెట్టి, కుంటుతూ గాజు తలుపు దాకా వచ్చి ఆగింది. చాలాసేపు బయటికి చూసింది.

"నేను వెళ్ళలేనండీ," అంది. "మీరు చూసి చెప్పండి."

నేను కోటు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళాను. మబ్బు. అక్కడక్కడ పల్చగా ఉంది కానీ మబ్బే. పక్కింటి పొగగొట్టం, దాని పైన చీకటి. కాసేపటికి సరిగ్గా అక్కడే ఒక వెలుగు కనిపించింది. నేను ఒక కన్ను మూసుకుని, పిట్టల గింజల డబ్బా వేలాడదీసిన ఇనుప కర్ర అంచుకు ఆ వెలుగును ఆనించి చూశాను. తల కదపకుండా, ఊపిరి బిగపట్టి.

"కనబడిందా?" లోపలి నుంచి అడిగింది.

"ఒకటి ఉంది. ఆగు. కదులుతుందేమో చూస్తున్నాను."

 ఆ వెలుగు ఇనుప కర్ర అంచు దాటి మెల్లగా ఇవతలికి వచ్చింది.

"అది కాదు. విమానం" అన్నాను.

ఆమె గాజుకు దగ్గరగా జరిగింది. తర్వాత, "సరే, చూడండి. తొందరేం లేదు" అంది.

నిలబడ్డాను. మరోటి తూర్పు వైపు కనిపించింది, చిన్నది. దాన్ని కర్రకు ఆనించి చూశాను. కదలలేదు. కానీ నాకు నమ్మకం కుదిరేలోపే మబ్బు కప్పేసింది. మళ్ళీ వస్తుందేమోనని చూస్తూ ఉన్నాను. చేతులు మొద్దుబారాయి. వెనక గాజు తలుపు జరిగిన చప్పుడైంది. ఆమె ఒక కాలి మీద బరువు మోపి, గుమ్మం పట్టుకుని నిలబడి, నా కోటూ ఉన్ని టోపీ చాచి పట్టుకుంది.

"ఇవి వేసుకుని చూడండి. చెవులు పోతాయి."

"ఇందాక ఒకటి కనబడింది," అన్నాను. "చుక్కే అనుకుంటాను. కానీ ఖాయంగా చెప్పలేను. మబ్బు కప్పేసింది."

ఆమె తల తిప్పి గోడ గడియారం చూసింది.

"ఏడు కావస్తోంది," అంది. "అంతదాకా చూద్దాం."

లోపలికి వెళ్ళలేదు. గుమ్మంలోనే, చలి లోపలికి పోతున్నా తలుపు అలాగే తెరిచి పెట్టుకుని నిలబడింది. నేను టోపీ పెట్టుకుని, తల ఎత్తి, తూర్పు వైపు చూస్తూ ఉన్నాను.